పెద్దన్న తిన్నాడా

పెద్దన్న పోయాక అతని నల్ల ట్రంకుపెట్టె తాళం తీయడానికి వదినకు ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి నేను సెలవు మీద ఇంటికి వచ్చిన మూడో రోజున తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే తియ్యి గురూ, నాను సూడలేను" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఒక్కొక్కటీ తీసి చాప మీద వరసగా పరిచాను. ఉన్ని మఫ్లరు ఒకటి, రెండు చోట్ల చిల్లులు. ఇత్తడి బొత్తాలు తొమ్మిది. జీపు ఫ్యాన్ బెల్టు ఒకటి, వాడనిది. మిలిటరీ నుంచి వచ్చేశాక పెద్దన్న అరకు నుంచి పాడేరుకి షేరు జీపు తోలేవాడు. గడ్డం గీసుకునే సామాను. పిల్లల పాత పలక. అన్నిటికీ అడుగున, ఖాకీ చొక్కా మడతలో, పసుపుపచ్చని మైనపు కాగితం ఒకటి ఉంది. యంత్రాల స్పేర్లు తుప్పు పట్టకుండా చుట్టి పంపే కాగితం అది. విప్పితే లోపల నా చేతిరాతతో ఒక చీటీ.

చీటీలో ఉన్నది ఇది. ఒకటి, మామిడి ఒరుగు, ఇంటి చెట్టుది, ముక్క ఒకటి. రెండు, ఉప్పు వేసి ఎండబెట్టినది, కాసేపు నీళ్లలో నానేసి తిను. మూడు, ఉన్ని సాక్సులు, రెండు జతలు. నాలుగు, టార్చి బ్యాటరీలు, నాలుగు. అయిదు, తిన్న వెంటనే తిన్నానని రాయి, అమ్మ కనిపెట్టుకుని ఉంటుంది. అయిదింటికీ కింద గీత గీసి నా సంతకం. ఆరోది ఒకటి ఉండాల్సింది. అది రాయకపోవడం వల్ల ఏం జరిగిందో మా ముగ్గురు అన్నదమ్ములకీ తెలుసు. ఆ చీటీని పెద్దన్న దాచుకున్నాడని మాత్రం నాకు తెలియదు.

మా ఇంట్లో పేర్లు వారాల పేర్లు. సోమవారం పుట్టినవాడు సోంబ్రు, బుధవారం పుట్టినవాడు బుద్రు, గురువారం పుట్టిన నేను గురుబారు. పెద్దన్న సోంబ్రుకీ నడిపన్న బుద్రుకీ మధ్య మంగళవారం పుట్టిన అక్క ఒకతి ఉండేదట, నడక రాకముందే పోయింది. బళ్లో చేర్చేటప్పుడు మాస్టారు నా పేరు గురుమూర్తి అని రాసుకున్నారు, కానీ ఇంట్లో ఎవరి నోరూ ఆ పేరుకి తిరగలేదు. అరకు సంత నుంచి జీపు దిగి గంటన్నర నడిస్తే మా ఊరు. ఇరవై రెండు ఇళ్లు, ఒక గెడ్డ, అంటే కొండవాగు, గెడ్డ అవతల ఏటవాలు మీద సామ, రాగి చేలు. మా ఇంటి వెనక మామిడి చెట్టు ఒకటి. పండు కాస్త పీచు, పులుపు ఎక్కువ. మైదానం వాళ్లు దాన్ని పండు అని ఒప్పుకోరు. మాకు మాత్రం అది ఫలహారం కాదు, తిండి. గాదెలో సామలు అడుగుకి వచ్చి, కొత్త పంట ఇంకా చేతికి రాని నెలల్లో ఆ చెట్టే మమ్మల్ని దాటించేది. పండు తినేవాళ్లం, రసం ఆరబెట్టేవాళ్లం, టెంకలు పగలగొట్టి లోపలి జీడిని ఎండేసి, దంచి, గుడ్డలో కట్టి గెడ్డ పారే నీళ్లలో ముంచి ఉంచేవాళ్లం. వగరు పోయేదాకా అమ్మ రోజుకి రెండుసార్లు వెళ్లి రుచి చూసి వచ్చేది. ఆ పిండితో కాచిన అంబలి వాసన, తడి మట్టిలో ఏదో వేగుతున్నట్టుండే వాసన, మా ఇంట్లో వానాకాలం మొదలైందనడానికి గుర్తు.

అయితే ఏ పంటనైనా కొత్త చెయ్యకుండా నోట పెట్టకూడదు. కొత్త అంటే మా కొండల్లో, చేతికొచ్చిన కొత్త తిండిని ముందు దేవతకీ, పోయిన పెద్దలకీ పెట్టి, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ వరసలో తినే పండుగ. సామకొక కొత్త, చిక్కుడుకొక కొత్త, మామిడికొక కొత్త. రోజు ఎప్పుడో దిసారి చూసి చెబుతాడు. ఊరికి మంచిరోజులు పెట్టే పెద్ద ఆయన. అప్పటిదాకా చెట్టు కింద కాయ రాలి పడినా మేం చూపు తిప్పుకుని నడిచేవాళ్లం. మామిడి కొత్త రోజు అమ్మ తెల్లారక ముందే లేచి, ఇల్లు అలికి, స్నానం చేసి, తడి చీరతోనే చెట్టు దగ్గరికి వెళ్లి తూర్పు కొమ్మ కాయ ఒకటి కోసేది. దాన్ని ఇంటి కాయ అనేవాళ్లం. మిగతా కాయలు ఎవరు ఎలా తిన్నా, ఆ ఒక్క కాయ మాత్రం అమ్మ కడుపున పుట్టినవాళ్లకే. పెద్దలకి చిన్న చెక్క తీశాక మిగిలింది నాలుగు ముక్కలు. ముందు పెద్దన్న, అతను మింగాక నడిపన్న, ఆ తర్వాత నేను. కోసిన చెయ్యి అందరికన్నా చివర. మేం ముగ్గురం తిన్నాకే అమ్మ నాలుగో ముక్క తినేది. అది తినేదాకా ఆ ఏటి మామిడి ఏ రూపంలోనూ ఆమె నోటికి చేరదు. అయ్య బతికి ఉన్నప్పుడు ఎగతాళి చేసేవాడు. "నీ కొడుకులు మింగీదాకా నీకు గుటక పడదేటి?" అనేవాడు. అమ్మ జవాబు చెప్పేది కాదు. కత్తి కడిగి చూరులో దోపేది.

పెద్దన్న మిలిటరీలో చేరినప్పుడు ఈ వరస తప్పుతుందని అమ్మ భయపడింది. తర్వాత ఒక దారి కనిపెట్టింది. ముక్కలకి ఉప్పు రాసి ఎండబెట్టి, పొయ్యి పైన అటక మీద పొగకి ఆరబెట్టి, గుడ్డసంచిలో కుట్టి పోస్టులో పంపేది. పెద్దన్న డ్రైవరు. అతన్ని చూసి నడిపన్న కాల్బలంలో చేరాడు. నేను ఐటీఐలో మోటారు మెకానిక్ పూర్తిచేసి, మిలిటరీ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేరాను. అప్పటికి అయ్య లేడు. ముగ్గురం మూడు చోట్ల ఉన్నా ఒరుగులు మాత్రం ఒకే సంచిలో నాకే వచ్చేవి. నేను లెక్క సరిగ్గా చూస్తానని అమ్మ నమ్మకం. నేను వాటిని అన్నలిద్దరికీ పంపి, వరసలో తిన్నట్టు తెలిశాక నాది తిని, ఇంటికి ఉత్తరం రాసేవాణ్ని. అమ్మకి చదువు రాదు. పెద్దన్న భార్య, మా వదిన, ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా చదివింది, ఆమే చదివి వినిపించేది. నా ఉత్తరాలన్నీ వర్క్‌షాపులో చేసిన పనులు నెంబర్లేసి రాసే జాబ్ కార్డుల్లా ఉండేవి. ఒకటి, నేను క్షేమం. రెండు, కాలి పుండు మానింది. మూడు, ఇక్కడ చలి ఎక్కువ, కంబళి ఇచ్చారు. వదిన నవ్వుకునేదట. అమ్మ మాత్రం వేళ్లు మడుచుకుంటూ వినేదట, ఒకటి, రెండు, మూడు అని.

కార్గిల్ యుద్ధం వచ్చిన ఏడు మేం ముగ్గురం ఒకే రోడ్డు మీద పడ్డాం. ఎవరూ అలా ఏర్పాటు చేయలేదు. నడిపన్న పల్టన్‌ని పైకి తెచ్చారు, పెద్దన్న సామాన్ల లారీ అప్పటికే ఆ రోడ్డు మీద తిరుగుతోంది, మా వర్క్‌షాపుని తీసుకొచ్చి రోడ్డు పక్కన చదును నేల మీద దించారు. నేను రోడ్డు అడుగున, పెద్దన్న రోడ్డు పొడుగునా, నడిపన్న రోడ్డు అయిపోయిన చోట. కొండల్లో పుట్టినవాళ్లం కదా అని తోటివాళ్లు అనేవారు. ఆ కొండలు మా కొండల్లా లేవు. చెట్టు లేదు, మట్టి వాసన లేదు, నీడ పడితే చలి, ఎండ పడితే మంట. యుద్ధం గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. నాకు తెలిసినవి అరిగిన బ్రేకు లైనింగులు, గాలి పట్టేసిన డీజిల్ గొట్టాలు, పొగ కక్కే ఇంజిన్లు. అక్కడ గాలి పల్చన, ఇంజిన్‌కీ మనిషికీ ఒకటే ఆయాసం. ఫిరంగి మోత కొండ అవతల నుంచి వచ్చేది, రేకుడబ్బాలో స్క్రూలు గలగలమనేవి. అయిదు నిమిషాలకోసారి వాటిని తీసి సైజుల వారీగా మళ్లీ సర్దేవాణ్ని. చేతులకి పని కావాలి.

అమ్మ సంచి ఆ ఏడు మామూలు కన్నా నెల ఆలస్యంగా వచ్చింది. కుట్టు విప్పగానే అటక పొగ వాసన గుడారమంతా నిండింది. నా పక్క మంచం అతను పంజాబీ, ఏమిటీ వాసన అని అడిగి, చెబితే అర్థం కాక, ఊరుకున్నాడు. మూడు ముక్కలు. అవి ఒకే మందంలో లేవు. నేను వెర్నియర్ కాలిపర్ తీసి కొలిచాను. ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు, అయినా అది నిజం. అన్నిటికన్నా మందమైనది నడిపన్నకి, మధ్యది పెద్దన్నకి, పల్చనిది నాకు అని తేల్చి, ఒక్కోదాన్నీ మైనపు కాగితంలో చుట్టాను. రెండు రోజుల తర్వాత పెద్దన్న లారీ బ్రేకులు బిగించుకోవడానికి ఆగింది.

"అమ్మ పంపిందేట్రా?" అన్నాడు దిగుతూనే. మొహం నిండా దుమ్ము, కళ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"నెల లేటు. నువ్వు తిను బేగి. నీ తర్వాత నడిపన్న, ఆ తర్వాతే నాను."

"సేతులు కడుక్కోనీరా, పెద్ద ఆఫీసరులాగ." డబ్బాలోని నీళ్లతో చేతులు కడిగి, తూర్పు ఎటో నన్ను అడిగి, అటు తిరిగాడు. చిన్న తునక తుంచి లారీ చక్రం పక్కన నేల మీద పెట్టి, అయ్యనీ తాతనీ పేరు పెట్టి పిలిచాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. "పొయ్యికాడ కూకున్నట్టుందిరా" అన్నాడు. నేను లారీ కిందికి దూరి బ్రేకులు బిగిస్తూ, అతను తినడం అయిందా లేదా అని బూట్ల వైపు చూస్తున్నాను. అయ్యాక బయటికి వచ్చి, నడిపన్న ముక్క, సాక్సులు, బ్యాటరీలు పొట్లం కట్టి, చీటీ రాసి పెట్టాను. పెద్దన్న పొట్లం తీసుకెళ్లి, రోడ్డు చివర సామాన్లు మోసుకుంటూ పైకి ఎక్కేవాళ్ల చేతికి ఇచ్చాడు. నా ముక్క టూల్‌బాక్సులో, ఫీలర్ గేజీల కింద పెట్టుకున్నాను.

ఆ తర్వాత కబురు లేదు. పెద్దన్న వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ని. "పైకి ఎలిపోనాడంట. పొట్లం అందినాదంట. అంతే తెలుసు" అనేవాడు. వారం గడిచింది, ఇంకో వారం. అప్పుడు వదిన ఉత్తరం వచ్చింది. చిన్న అక్షరాలు, కాగితం అంచుల దాకా. వాన మొదలైంది. చెట్టు ఈ ఏడు బాగా కాసింది. పండ్లు రాలిపోతున్నాయి, పిల్లలు తింటున్నారు, టెంక పిండి నేను కాస్తున్నాను, అత్త మాత్రం ముట్టడం లేదు. గాదెలో సామలు లేవు. ఉన్న రాగి అంబలి పిల్లలకి పోసి తను గిన్నె కడిగిన నీళ్లు తాగుతోంది. మొన్న గెడ్డ దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. నేను తిట్టాను, వినలేదు. మీరు తిన్నామని ఒక్క ముక్క బేగి రాయండి.

నేను ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత ఇన్‌లాండు కవరు తీసుకుని రాశాను, ముగ్గురం కొత్త తిన్నాం, నువ్వు తిను అని. అంతే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి తర్వాత ఎవరు, ఏమీ లేదు. నా చేత్తో రాసిన కాగితాల్లో జరగనిది జరిగిందని రాసింది అదొక్కటే. జాబ్ కార్డులో అయితే, బిగించని నట్టుని బిగించానని రాస్తే బండి లోయలో పడుతుంది. నాకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ అంటించి పోస్టు సంచిలో వేశాను. ఆ పూటంతా ఏ పనీ చెయ్యలేకపోయాను. అయితే గెడ్డ ఒడ్డున అమ్మ కూలబడడం కళ్ల ముందు మెదిలినప్పుడు మాత్రం మంచిపనే చేశాననిపించేది.

నాలుగో రోజున పెద్దన్న లారీ వచ్చింది. బ్రేకుల కోసం కాదు. ఇంజిన్ ఆపకుండానే దిగి, "బుద్రు ఆస్పత్రిలో ఉన్నాడు" అన్నాడు. "సేతులు." దెబ్బ తగిలి మూడు రోజులైందట. నేను అబద్ధం రాసిన రోజూ అతనికి దెబ్బ తగిలిన రోజూ లెక్క వేసుకున్నాను. ఒకటే రోజు. యంత్రాలు చదివిన బుర్ర దానికీ దీనికీ సంబంధం లేదని చెబుతూనే ఉంది, నేను వినడం లేదు. పై అధికారిని అడిగి ఒక పూట సెలవు తీసుకుని, టూల్‌బాక్సులోని ముక్క జేబులో వేసుకుని లారీ ఎక్కాను. దారిలో పెద్దన్నతో ఉత్తరం సంగతి చెప్పేశాను. అతను గేరు మార్చి, కొంచెం దూరం పోనిచ్చి, "అమ్మ ఆకలికి రాసినావు. నాను ఉన్నా అదే రాద్దును" అన్నాడు. కాస్త ఆగి, "కాని మల్లీ రాయకు" అన్నాడు.

ఆస్పత్రి అంటే పెద్ద గుడారం, వరసగా మంచాలు. నడిపన్న చివరి నుంచి మూడో మంచం మీద, రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లటి మూటల్లా కట్టు కట్టి, దిండుకి ఆనుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్నిద్దర్నీ చూసి నవ్వలేదు, ఏడవలేదు. పెద్దన్న మొహంలోకి చూస్తూ, "అన్నా, కొత్త తిన్నావేటి?" అని అడిగాడు.

పెద్దన్న మంచం దగ్గరికి జరిగాడు. "తిన్నానురా. మూడు వారాలు కావస్తంది."

"మరి సీటీలో ఏదిరా?" ఈసారి నా వైపు తిరిగాడు. "బేటరీలు నాలుగని రాసినావు. సాక్సులు రెండు జతలని రాసినావు. నీల్లలో నానేసి తినమని సెప్పినావు. పెద్దన్న తిన్నాడని రాయనేదేటి? ఎంత సదువుకున్నావురా నువ్వు!"

చీటీ రాసేటప్పుడు పెద్దన్న నా కళ్ల ముందే తిని మూతి తుడుచుకుంటున్నాడు. అందుకే అది రాయాల్సిన విషయమని తోచలేదు. నడిపన్న ఒరుగు కోటు లోపలి జేబులోనే ఉంది, మైనపు కాగితం మడత కూడా విప్పలేదు. పైన రెండు రోజులు వాళ్లకి తిండి అందలేదట. పక్కవాడు అతని జేబు తడిమి, ఏదో ఉంది కదా, తీయమని అడిగాడట. "నా అన్న తిన్నాడో నేదో తెలీదు, అప్పుడే తీయకూడదన్నాను. ఆడు నన్ను ఎర్రోడినని తిట్టినాడు" అన్నాడు నడిపన్న. అప్పుడు కాస్త నవ్వాడు. "ఆడు మంచోడే. ఆడే నన్ను మోసుకుని దిగినాడు."

పెద్దన్న మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కోటు జేబులో నుంచి పొట్లం తీసి, గ్లాసులో నీళ్లు పోయించి ముక్కని నానేశాడు. చీటీలో రాసినట్టే అన్నమాట. పెద్దల తునక తుంచి మంచం కోడు పక్కన పెట్టి, మిగిలింది చిన్న చిన్న పోగులుగా చీల్చి నడిపన్న నోట్లో పెట్టాడు. మేం పసివాళ్లుగా ఉన్నప్పుడు అమ్మ చేలోకి వెళితే ఇతనే మాకు అంబలి తాగించేవాడు. అప్పుడూ అదే మొహం, పెదాలు కాస్త ముందుకు పెట్టి, తినేవాడితో పాటు తనూ నమలుతున్నట్టు. నడిపన్న మింగాక, గుటక పడడం చూశాక, నేను నా ముక్క తీశాను. మైనం, గ్రీజు, పొగ, ఉప్పు, వీటన్నిటి అడుగున పులుపు. ముగ్గురం ఒకచోట ఉన్నది ఆ యుద్ధంలో ఆ ఒక్క పూటే. పెద్దన్న ఖాళీ కాగితాన్నీ చీటీనీ మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. బయట పారేస్తాడనుకున్నాను.

ఆ సాయంత్రమే ఇంటికి రాశాను. ఒకటి, పెద్దన్న నా ఎదురుగా, లారీ పక్కన, తూర్పు తిరిగి తిన్నాడు. రెండు, నడిపన్నకి చేతులకి దెబ్బ తగిలింది, ప్రాణానికి భయం లేదు, ఈ రోజు ఆస్పత్రిలో పెద్దన్న చేత్తో తిన్నాడు. మూడు, అతని తర్వాత నేను తిన్నాను. అంతకుముందు రాసిన ఉత్తరం గురించి ఒక్క మాట కూడా రాయలేదు. దాని గురించి పెద్దన్నకి తప్ప ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అమ్మ నా అబద్ధం నమ్మి ఆ ఉత్తరం అందిన రోజే మామిడి తిన్నదనుకున్నాను. కడుపు నిండిందిలే అనే ఊరటా, వరస తప్పించానే అనే బెంగా, రెండూ ఒకే డబ్బాలో వేసి మూత పెట్టుకున్నాను.

ఇప్పుడు ట్రంకుపెట్టె ముందు, చీటీ చేతిలో పట్టుకుని కూర్చుంటే ఆ మూత దానంతటదే ఊడింది. అమ్మ గుమ్మంలో అడ్డాకు విస్తళ్లు కుడుతోంది. నడిపన్న అరుగు మీద మిరియాలు చేటలో పోసి చెరుగుతున్నాడు. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే మిగిలాయి, అయినా చేట అతని చేతిలో తిన్నగానే ఆడుతుంది. నేను అమ్మ పక్కన చతికిలబడి, "అమ్మా, యుద్ధం ఏడు ఒక ఉత్తరం రాసినాను, తిన్నామని. అది అబద్ధమే" అన్నాను.

అమ్మ పుల్ల గుచ్చడం ఆపలేదు. "తెలుసురా."

"ఎలా తెలుసు?"

లోపల నుంచి వదిన జవాబిచ్చింది. "నాను సదివినాను. సదివినాక అత్త అడిగింది, ఒకటి ఏటి, రెండు ఏటి అని. ఒకట్లు రెండ్లు నేవత్తా, ఒట్టి ముక్కే అన్నాను. అయితే తిననేదులే, మడిసీయ్ అంది."

"గుంటడు కాలి పుండు మానితే రెండో నెంబరేసి రాసీవోడు, కొత్త తింటే ఒట్టినే రాత్తాడేటి?" అంది అమ్మ.

నడిపన్న చేట పక్కన పెట్టి పగలబడి నవ్వాడు. "సూసినావా, నువ్వు రాయకపోతే నాను తిననేదు, నువ్వు రాసినా అమ్మ తిననేదు!"

నాకు నవ్వు రాలేదు. నేను లెక్క వేస్తున్నాను. ఆ ఉత్తరం రాసిన నాటి నుంచి రెండో ఉత్తరం ఇంటికి అందేదాకా, పోస్టు నడిచిన రోజులు కలుపుకుంటే, ఇంకా మూడు వారాలు. "మరి ఏటి తిన్నావమ్మా?" అన్నాను. "దుంపలు నేవేటి అడివిలో" అంది. ఆ వానలో, ఆ బురదలో, కళ్లు తిరిగే మనిషి దుంపలు తవ్వుకోవడం ఎలా ఉంటుందో ఆమె చెప్పలేదు. రెండో ఉత్తరం వచ్చేసరికి చెట్టు మీద ఒక్క కాయ లేదట. అటక మీద నుంచి తన నాలుగో ముక్క తీసి తిన్నదట. "నాకెందుకు రాయలేదు, నమ్మలేదని?" అని అడిగితే, "సెప్తే ఏటవుద్ది? ఒక బెంగతో ఉన్నోడికి ఇంకో బెంగ" అంది. నేనూ అదే పని చేశాను, ఆమె బాగా చేసింది, నేను చెడగొట్టాను.

ఇప్పుడు మా ఊరికి మట్టిరోడ్డు పడింది. జీపు గెడ్డ దాకా వస్తుంది, పెద్దన్నే మొదట తెచ్చాడు. అరకు సంతలో మైదానం వర్తకులు మామిడిపండ్లు తట్టల్లో పెట్టి, మా దిసారి రోజు పెట్టకముందే అమ్ముతున్నారు. బడి పిల్లలు మామిడి రసం ప్యాకెట్లు స్ట్రా వేసి తాగుతున్నారు, అది కొత్తకి ముందా తర్వాతా అని ఎవరూ అడగరు. పెద్దన్న కూతురు పాడేరు హాస్టలు నుంచి ఫోను చేస్తే వదిన మొదట అడిగేది తిన్నావా అని. తిన్నానమ్మా అంటుంది గుంట, క్షణంలో. ఆ ఒక్క మాట రోడ్డు అడుగు నుంచి చివరికి చేరడానికి మాకు పట్టిన రోజులు చెబితే దానికి కథలా ఉంటుంది. నేను దాన్ని తప్పు పట్టను. సెల్ టవరు ఎక్కడో, సిగ్నలు ఏ బండ మీద వస్తుందో ఊరందరికన్నా ముందు కనిపెట్టింది నేనే. ఈ రోజుల్లో మా గాదె అడుగుకి రావడం లేదు, రేషను బియ్యం ఉన్నాయి, కాఫీ తోట ఉంది, టెంక అంబలి కాచి ఎన్నేళ్లయిందో. అది మంచిదే. ఆ వాసన మళ్లీ రావాలని నేను కోరుకోను. గుర్తు మాత్రం ఉంది.

ట్రంకుపెట్టె తీసిన అయిదో రోజున మామిడి కొత్త. పోయిన వానాకాలంలో పెద్దన్నకి మలేరియా జ్వరం తలకెక్కింది. తన జీపులోనే, వేరొకరు తోలుతుండగా, పాడేరు ఘాటీ దిగకముందే పోయాడు. అతను లేకుండా వచ్చిన మొదటి కొత్త ఇది. అమ్మ మామూలుగానే చీకటితో లేచింది, అలికింది, తడి చీరతో చెట్టు దగ్గరికి వెళ్లింది. తూర్పు కొమ్మ ఇప్పుడు ఆమెకి అందదు, నేను వంచి పట్టుకున్నాను. గుమ్మం బయట రాతి పలక మీద అడ్డాకు పరిచి, ముక్క పెట్టి, అన్నం పెట్టి, పెద్దల్ని పిలిచింది. తాత పేరు, అయ్య పేరు. తర్వాత ఆగింది. తన కన్నా ముందు పోయినవాణ్ని పెద్దల వరసలో పిలవడానికి ఆమెకి నోరు రాలేదు. వదిన తల వంచుకుంది. కాసేపటికి అమ్మే అంది, "సోంబ్రూ, ఒచ్చి తినరా" అని. గెడ్డ అవతల నుంచి, చేలోంచి పిలిచినట్టే పిలిచింది.

లోపల వరసగా కూర్చున్నాం. నడిపన్న తన ముక్కని మిగిలిన రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు, నోటి దాకా తీసుకెళ్లలేదు. గుమ్మంలో నుంచి పలక కనిపిస్తోంది. పెద్దల ఆకు మీద చీమ ఎక్కితే పెద్దలు తిన్నట్టు, అందాకా ఆగడం మా ఇంటి పద్ధతి. నడిపన్న నా వైపు తిరిగి, గుడారంలో ఆ రోజు అడిగిన గొంతుతోనే, "పెద్దన్న తిన్నాడేట్రా?" అన్నాడు.

నేను లేచి గుమ్మం దాకా వెళ్లి చూశాను. పలక అంచు నుంచి ఎర్రచీమలు వరస కట్టాయి. మొదటిది ముక్క మీదికి ఎక్కింది, దాని వెనక రెండోది, మూడోది.

"తిన్నాడన్నా."

నడిపన్న నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నమిలాడు. గుటక పడింది. నేను నా చోటికి వచ్చి కూర్చున్నాను, ముక్క చేతిలోనే ఉంది. ఎదురుగా అమ్మ, ఒళ్లో కత్తి, కత్తి పక్కన తన నాలుగో ముక్క, నా మొహంలోకే చూస్తోంది.

"ఏటి సూత్తన్నావురా గుంటడా? బేగి తినీ. నాకు ఆకలేత్తంది."

అమ్మ నోట ఆకలి అన్న మాట నేను వినడం అదే మొదలు. తిన్నాను.